మద్రాసులో పుట్టి మంచు పందేలకు రూలు రాసిన ఆర్నాల్డ్ లన్

 

మన గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షికకు ఈ నెల నా వంతు వచ్చింది. నాకు ముందు రాసినవాళ్ళు అల్లూరి సీతారామరాజు గారి గురించి రాశారు. మన వినుకొండలోనే పుట్టిన గుఱ్ఱం జాషువా గారి గురించి రాశారు. ఇంక నాకేం మిగిలింది అని మూడు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి మీలో ఎవరూ పేరు వినని మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు సర్ ఆర్నాల్డ్ లన్. మంచుకొండల మీద జారే పందేలకు రూలు రాసిన మనిషి.

మిరపకాయలు ఎండబెట్టుకునే ఊళ్ళో మంచు గోల మనకెందుకురా అని నవ్వకండి. చివరిదాకా చదవండి. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానో మీకే తెలుస్తుంది.

ఈయన నాకు ఎలా తెలిశాడంటే

నా కాలు సంగతి మీ అందరికీ తెలిసిందే. మా తండాలో చింతచిగురు కోయబోయి చెట్టు మీంచి పడ్డాను. ఊళ్ళోనే కట్టు కట్టించారు. ఎముక అతికింది గానీ ఎడమకాలు కొంచెం పొట్టి అయిపోయింది. ఇక్కడికి రాకముందు వేరే బడిలో చదివేటప్పుడు ఆగస్టు పదిహేనుకు మార్చ్‌పాస్ట్ నేర్పారు. నేనూ పది రోజులు నేర్చుకున్నాను. ఒక్క అడుగు కూడా తప్పలేదు. కానీ చివరి రోజు నన్ను వరసలోంచి పక్కకు తీసేశారు. నా నడక వల్ల వరస అందం పోతుందన్నారు. జెండా వందనం అయ్యేదాకా చాక్లెట్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

ఇక్కడ పోయిన ఏడాది మన పీఈటీ సారు గ్రౌండులో వెదురు కర్రలు పాతి వంకరటింకర పరుగు పెట్టించారు కదా. ఒక్కొక్కరినీ విడివిడిగా పరిగెత్తించి, స్టాప్‌వాచ్ చూసి బోర్డు మీద టైము రాశారు. ఇరవై ఆరు మందిలో నాది పదకొండో స్థానం. నాకన్నా వేగంగా ఉరికేవాళ్ళు మలుపుల దగ్గర కర్రలు పడగొట్టారు. నేను పడగొట్టలేదు. నా నడక అందం గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. నా పేరు పక్కన ఒక అంకె రాశారు, అంతే. ఆ అంకె నాకు ఇప్పటికీ గుర్తు.

ఇదేం ఆట సార్ అని అడిగాను. మంచుకొండల మీద కూడా ఇలాంటి పందెం ఉంది, దాన్ని స్లాలమ్ అంటారు అని సారు చెప్పారు. లైబ్రరీలో పాత ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తే ఆర్నాల్డ్ లన్ దొరికాడు. అర్థం కాని చోట ఇంగ్లీషు సారును అడిగి తెలుసుకున్నాను.

పుట్టుక, చదువు

ఆర్నాల్డ్ లన్ 1888 ఏప్రిల్ 18న మద్రాసులో పుట్టాడు. అప్పట్లో మన గుంటూరు, వినుకొండ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అంటే మన రాజధానిలో పుట్టిన బిడ్డే అన్నమాట! తండ్రి హెన్రీ లన్ డాక్టరు, మెథడిస్టు మిషనరీ. ఆరోగ్యం బాగాలేక ఆ కుటుంబం తొందరలోనే ఇంగ్లండు తిరిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత హెన్రీ లన్ ప్రయాణాల వ్యాపారంలోకి దిగాడు. 1892లో స్విట్జర్లాండులోని గ్రిండెల్‌వాల్డ్ అనే కొండ ఊళ్ళో వేరువేరు చర్చిల పెద్దలను కూర్చోబెట్టి ఒక సమావేశం పెట్టాడు. అలా మొదలై, ఇంగ్లండు వాళ్ళను ఆల్ప్స్ పర్వతాలకు తీసుకుపోవడం ఆయన పని అయింది. తండ్రి వెంట కొడుకు కూడా వెళ్ళేవాడు. 1898లో, పదేళ్ళ వయసులో, ఫ్రాన్సు దేశపు షామొనీ అనే ఊళ్ళో ఆర్నాల్డ్ మొదటిసారి కాళ్ళకు స్కీలు కట్టుకున్నాడు.

స్కీలు అంటే ఏమిటో చెప్తాను. అప్పట్లో అవి రెండు పొడవాటి, సన్నటి చెక్కలు. మనిషికన్నా పొడుగుంటాయి. ముందుకొస పడవ ముక్కులాగా పైకి వంగి ఉంటుంది. కాలికొకటి కట్టుకోవాలి. కొత్తగా పడిన మంచు మెత్తగా ఉంటుంది, ఉత్త కాళ్ళతో నడిస్తే మోకాలుదాకా దిగబడతాం. చెక్క మన బరువును పొడుగునా పరుస్తుంది కాబట్టి దిగబడకుండా జారుతుంది. తాటిమట్ట మీద కూర్చుని బండమీంచి జారినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అదే పని నిలబడి చెయ్యాలి. పత్తి చేను పగిలినప్పుడు ఎంత తెల్లగా ఉంటుందో తెలుసుగా? ఒక కొండ మొత్తం ఆ తెలుపు ఊహించుకోండి.

ఆర్నాల్డ్ ఇంగ్లండులో హారో అనే బడిలో చదివాడు. అది కూడా మనలాగా హాస్టలు బడే, కాకపోతే డబ్బున్నవాళ్ళది. అక్కడ ఉన్నప్పుడు రోజూ జరిగేవి డైరీలో రాసుకునేవాడు. ఆ డైరీ ఆధారంగా 1913లో ద హారోవియన్స్ అనే నవల రాశాడు. బడి లోపలి సంగతులు ఉన్నవి ఉన్నట్టు రాసినందుకు చాలామంది పెద్దలకు కోపం వచ్చింది. హారో తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీలో చదివాడు. ఇరవై ఏళ్ళ వయసులోనే, 1908లో, ఆల్పైన్ స్కీ క్లబ్బు స్థాపించాడు.

కాలు విరిగింది

1909 ఆగస్టులో వేల్సు దేశంలో కేడర్ ఇడ్రిస్ అనే కొండ ఎక్కుతున్నాడు. అప్పుడు వయసు ఇరవై ఒకటి. రాయి ఊడి కిందపడ్డాడు. కుడికాలు నుజ్జయింది. ప్రాణం దక్కింది, కాలు కూడా దక్కింది. కానీ ఆ కాలు రెండు మూడంగుళాలు పొట్టి అయిపోయింది. పుండు మానడానికి ఏళ్ళకు ఏళ్ళు పట్టింది. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆయన మాత్రం కూర్చోలేదు. ఆ కాలుతోనే మళ్ళీ స్కీలు కట్టాడు. 1917లో జోసెఫ్ క్నూబెల్ అనే కొండదారి చూపేవాడితో కలిసి 4,545 మీటర్ల ఎత్తున్న డోమ్ శిఖరాన్ని స్కీల మీద ఎక్కాడు. స్కీలతో దాన్ని ఎక్కడం అదే మొదలు. 1924 మేలో ముగ్గురు స్విస్సు మిత్రులతో కలిసి ఐగర్ అనే శిఖరాన్ని కూడా అలాగే ఎక్కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ కాలు వల్ల ఆయన్ని సైన్యంలోకి తీసుకోలేదు. అప్పుడు స్విట్జర్లాండులో మ్యూరెన్ అనే ఊళ్ళో, అక్కడ ఉంచిన బ్రిటిషు, ఫ్రెంచి సైనికుల బాగోగులు చూసే పనిలో చేరాడు.

కొండ దిగడం కూడా పందెమేనా?

అప్పటికి స్కీ ఆటలో పెద్దవాళ్ళు నార్వే వాళ్ళు. ఆ ఆట వాళ్ళ నేల మీద పుట్టింది. వాళ్ళ లెక్కలో అసలైన పందేలు రెండే. ఒకటి, మంచులో మైళ్ళ కొద్దీ దూరం పోవడం. రెండు, ఎత్తు మీంచి గెంతడం. గెంతులో దూరం కొలిచేవారు, దానితోపాటు గెంతిన తీరు అందంగా ఉందా లేదా అని జడ్జీలు మార్కులు వేసేవారు. ఊరికే కొండ దిగడం కూడా ఒక పందెమేనా అని చాలామంది చిన్నచూపు చూసేవారు.

ఆర్నాల్డ్ లన్ ఆలోచన వేరు. ఆల్ప్స్ కొండలు నిటారుగా ఉంటాయి. అక్కడ దిగడమే అసలు విద్య. ఎంత వేగంగా దిగాడో, ఎంత బాగా మలుపు తిరిగాడో అదే ఆటగాడి గొప్ప అని ఆయన వాదించాడు.

1911 జనవరిలో స్విట్జర్లాండులోని మోంటానాలో ఆయన ఒక పందెం ఏర్పాటు చేశాడు. దాని పేరు రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ కప్పు. కప్పు ఇచ్చింది లార్డ్ రాబర్ట్స్ అనే సేనాపతి. ఈయన కూడా మన దేశంలోనే, కాన్పూరులో పుట్టాడు. కొన్నాళ్ళు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్నాడు. 1880లో కాబూలు నుంచి కాందహారుకు సైన్యాన్ని నడిపించినందుకు ఆ పేరు వచ్చింది. అందుకే ఎక్కడో ఆఫ్ఘనిస్తాన్ ఊరి పేరు ఇప్పటికీ ఆల్ప్స్ మంచు పందేలలో వినపడుతుంది.

ఆ పందెంలో పదిమంది పాల్గొన్నారు. అప్పట్లో పైకి లాక్కెళ్ళే తీగబండ్లు లేవు. ముందురోజే కొండెక్కి గుడిసెలో రాత్రి పడుకున్నారు. తెల్లారి అందరూ ఒక్కసారే బయలుదేరారు. ప్లెయిన్ మోర్ట్ అనే మంచుమైదానం మీంచి కిందున్న మోంటానాదాకా దిగాలి. చదును చేసిన దారి లేదు, గీత లేదు. ఎవరి దారి వాళ్ళదే. సెసిల్ హాప్కిన్సన్ అనే అతను 61 నిమిషాల్లో దిగి గెలిచాడు.

మ్యూరెన్‌లో జెండాలు

మ్యూరెన్ ఒక లోయ పక్కన, నిలువు కొండ అంచు మీద అరుగులాగా ఉన్న ఊరు. మన మన్యంలో పెద్ద శిఖరాలు పదహారు, పదిహేడు వందల మీటర్లు ఉంటాయని సోషల్లో చదివాం కదా. అక్కడ ఊరే ఇంచుమించు ఆ ఎత్తులో ఉంది. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు. మోటారు కార్లు తిరగని ఊరు.

1922 జనవరి 21న ఆ ఊళ్ళో ఆర్నాల్డ్ లన్ వాలు మీద జెండాలు పాతించాడు. రెండేసి జెండాలు ఒక ద్వారం. ఒక ద్వారం ఈ పక్క, తరువాతిది ఆ పక్క. అన్నిటి మధ్యలోంచి దూరి కిందికి రావాలి. ఎవరు తక్కువ టైములో వస్తే వాళ్ళు గెలిచినట్టు. ఇదే నేటి స్లాలమ్ పందేనికి మొదలు.

ఆ మాట నార్వే వాళ్ళదే. వాలు మీద పడిన జాడ అని దాని అర్థం. అంతకుముందు కూడా మలుపుల పోటీలు ఉండేవి, కానీ మలుపు ఎంత సొగసుగా తిరిగాడో చూసి జడ్జీలు మార్కులు వేసేవారు. లన్ ఏమన్నాడంటే, అడవిలో దిగేటప్పుడు చెట్టు అడ్డం వస్తే తప్పించుకోవాలి, వేగం పోకూడదు. మలుపు తిరిగేది అందుకే. చెట్టుకు నీ సొగసుతో పనేమిటి? కాబట్టి చెట్ల బదులు జెండాలు పెట్టు, జడ్జీ కళ్ళ బదులు గడియారం పెట్టు. ఇంతే ఆయన రూలు.

చూడటానికి చిన్న మార్పు. కానీ ఆలోచించండి. జడ్జీకి నువ్వు నచ్చాలి. గడియారానికి నచ్చాల్సిన పని లేదు. నీ బట్టలు, నీ ఇంటిపేరు, నీ నడక దానికి కనపడవు. జెండా తప్పావా లేదా, ఎన్ని సెకన్లు పట్టింది, ఈ రెండే దానికి కావాలి.

ఒక లోపం కూడా చెప్పాలి

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచే రాస్తే సరిపోదని తెలుగు సారు చెప్పారు. అందుకని ఇది కూడా రాస్తున్నాను. మంచు ఊళ్ళలో ఆ రోజుల్లో ఆడినవాళ్ళు డబ్బున్న ఇంగ్లీషు వాళ్ళు. ఆర్నాల్డ్ తండ్రి పెట్టిన క్లబ్బు పేరు పబ్లిక్ స్కూల్స్ ఆల్పైన్ స్పోర్ట్స్ క్లబ్బు. పబ్లిక్ స్కూలు అంటే మన సర్కారు బడిలాంటిది కాదు. ఇంగ్లండులో అది గొప్పింటి పిల్లల బడి. అలాంటి చోట చదివినవాళ్ళకే ఆ క్లబ్బు, వాళ్ళకే ఆ హోటళ్ళు. గడియారం పుట్టుక చూడదు గానీ హోటలు తలుపు చూసేది. ఆర్నాల్డ్ లన్ పెరిగింది, పందేలు నడిపింది ఆ తలుపుకు లోపలి పక్కనే.

కానీ ఒకసారి రూలు రాశాక అది రాసినవాడి చేతిలో ఉండదు. ఆ సంగతి 1931లో తెలిసింది.

1931, ఆ తరువాత

ఈ పందేలను ఒప్పించడానికి లన్ ఏళ్ళ తరబడి వాదించాడు. బ్రిటిష్ స్కీ ఇయర్ బుక్ అనే పత్రికను యాభై ఏళ్ళ పాటు ఆయనే నడిపాడు. అందులో రాసి రాసి ఎదుటివాళ్ళను అలిసిపోయేట్టు చేశాడనుకుంటాను. 1924లో మ్యూరెన్‌లో కాందహార్ స్కీ క్లబ్బు మొదలుపెట్టాడు. 1928లో ఆస్ట్రియా దేశంలో హానెస్ ష్నైడర్ అనే స్కీ గురువుతో కలిసి ఆర్ల్‌బర్గ్ కాందహార్ పందెం పెట్టాడు. అదే ఏడు మ్యూరెన్ పైనున్న షిల్తోర్న్ శిఖరం నుంచి లోయలోని లౌటర్‌బ్రునెన్ దాకా దిగే ఇన్ఫెర్నో పందెం మొదలైంది. ఎత్తులో తేడా రెండువేల మీటర్ల పైమాటే. ఆ పందెం ఈనాటికీ నడుస్తోంది.

చివరికి 1930లో అంతర్జాతీయ స్కీ సంఘం కొండ దిగే పందేన్నీ, స్లాలమ్‌నూ ఒప్పుకుంది. 1931 ఫిబ్రవరిలో మ్యూరెన్‌లోనే మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. మగవాళ్ళ డౌన్‌హిల్ గెలిచింది వాల్టర్ ప్రాగర్, స్లాలమ్ గెలిచింది డేవిడ్ జోగ్. ఇద్దరూ స్విట్జర్లాండు వాళ్ళు! రూలు ఇంగ్లీషు వాళ్ళది, గెలుపు కొండల దేశం కుర్రాళ్ళది. క్లబ్బు తలుపు దగ్గర ఆగిపోయేవాళ్ళు జెండాల దగ్గర ఆగలేదు.

ఇంకో సంగతి. ఆ మొదటి ప్రపంచ పోటీల్లోనే ఆడవాళ్ళకు కూడా పందేలు పెట్టారు. ఎస్మే మకినన్ అనే పదిహేడేళ్ళ బ్రిటిషు అమ్మాయి రెండు పందేలూ గెలిచింది. పదిహేడేళ్ళంటే మన ఇంటరు చదివే అక్కల వయసు. ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి మీ అక్కచెల్లెళ్ళకు తప్పక చెప్పండి.

1936లో జర్మనీలోని గార్మిష్ పార్టెన్‌కిర్షెన్‌లో జరిగిన చలికాలపు ఒలింపిక్స్‌లో మొదటిసారి డౌన్‌హిల్, స్లాలమ్ కలిపి ఒక పతకం పెట్టారు. స్లాలమ్ రిఫరీ లన్ గారే. ఆయన కొడుకు పీటర్ బ్రిటిషు జట్టు కెప్టెన్. అప్పుడు జర్మనీలో హిట్లరు పాలన. ఆటను ప్రభుత్వపు గొప్పకోసం వాడుకోవడం తండ్రీకొడుకులకు నచ్చలేదు. ప్రారంభోత్సవపు కవాతులో పీటర్ నడవలేదు. నన్ను ఒక కవాతులోంచి తీసేశారు, అతను తనంతట తానే నడవనన్నాడు. రెండూ ఒకటి కాదని తెలుసు, అయినా గుర్తొచ్చింది.

1952లో బ్రిటిషు ప్రభుత్వం ఆర్నాల్డ్ లన్‌కు సర్ బిరుదు ఇచ్చింది. 1974 జూన్ 2న లండన్‌లో, 86 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. ఫలానా పందెం గెలిచాడని ఎవరూ ఆయన్ని తలుచుకోరు. పందెం ఎలా జరగాలో చెప్పినవాడని తలుచుకుంటారు.

మన దేశంలో

మన దేశంలో కూడా ఈ ఆట ఉంది. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో 1927లో బ్రిటిషు వాళ్ళు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. 1964లో ఇన్స్‌బ్రుక్ చలికాలపు ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకోవ్‌స్కీ మన దేశం తరఫున మొదటిసారి ఆడాడు. 2022లో బీజింగ్ చలికాలపు ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళింది ఒకే ఒక్కడు, కాశ్మీరు యువకుడు ఆరిఫ్ ఖాన్. జెండా పట్టుకుని నడిచిందీ అతనే, ఆడిందీ అతనే. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానం వచ్చింది. ఇదేం గొప్ప అంటారా? ఆ అంకె ప్రపంచం ముందు కొలిచి ఇచ్చింది. దయతో ఇచ్చింది కాదు.

నా విన్నపం

మిత్రులారా, మన దగ్గర మంచు లేదు. వినుకొండ కొండ మీద ఎండకు బండ కాలుతుంది గానీ మంచు పడదు. కానీ జెండాలు ఉన్నాయి, వాలు ఉంది, పీఈటీ సారు దగ్గర స్టాప్‌వాచ్ ఉంది. మన హాస్టల్లో చెంచు పిల్లలున్నారు, ఎరుకల పిల్లలున్నారు, మా సుగాలీ పిల్లలున్నాం. ఊళ్ళో ఎక్కడికి పోయినా ముందు మనల్ని చూస్తారు, తరువాత మన పని చూస్తారు. ఒక్కసారైనా ముందు పని కొలిచే పందెం మనమే పెట్టుకుంటే ఎలా ఉంటుంది?

వార్డెన్ గారు దయతో అనుమతిస్తే వచ్చే జనవరి 26 సాయంత్రం హాస్టలు వెనక వాలు మీద జెండాల పరుగు పెడదాం. ఇరవై జెండాలు చాలు. పాత దుప్పటి చింపితే గుడ్డ వస్తుంది, కర్రలు నేను తెస్తాను. చిన్నవాళ్ళు, పెద్దవాళ్ళు, లావువాళ్ళు, సన్నవాళ్ళు, నాలాగా కుంటేవాళ్ళు ఎవరైనా రావచ్చు. జెండా తప్పితే మళ్ళీ వెనక్కి పోయి దాన్ని దాటి రావాలి. మొదటివాడి నుంచి చివరివాడి దాకా అందరి టైమూ ఈ గోడపత్రికలోనే రాస్తాం. ఎవరి పేరూ వదలం.

నేను కూడా పరిగెడతాను. నా పరుగు అయ్యాక మిగతావాళ్ళకు వాచీ పట్టుకుంటాను.

ఈ కాగితం కింద అర పేజీ ఖాళీ వదిలాను. పేరు ఇవ్వదలచినవారు పెన్సిలుతో రాయండి. మొదటి పేరు నాదే రాసుకున్నాను.

ఇట్లు,
మీ తొమ్మిదవ తరగతి మిత్రుడు